తెల్లకొంగ చివరి పదహారు పేజీలు

రాయగడ,
4-11-2024

సీతక్కకి,

నీ తమ్ముడు వరాహనరసింహం నమస్కారాలు. బావకి కూడా చెప్పు. ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మాత్రం లేదు. ఎందుకో కింద రాస్తాను.

ముందు ఫోను సంగతి. నిన్న నువ్వు మూడుసార్లు చేశావని మీ మరదలు పద్మప్రియ చెప్పింది. చెవి మిషను పెట్టుకుని ఫోను పట్టుకుంటే ఈల తప్ప ఏమీ వినబడదని నీకు తెలుసు. నీకు పెళ్ళై సునాబెడ వెళ్ళిన దగ్గర్నుంచి ఉత్తరాలే రాసుకున్నాం, ముసలితనం వచ్చే వేళ కొత్త అలవాట్లెందుకు? కోరాపుట్ వెళ్ళే బండిలో పసుపు, ఇంగువ పంపాను. పసుపు కుందుర ఊరి రైతు దగ్గర కొన్నది, చేతికంటితే రెండు రోజులు పోదు.

ఇక అసలు సంగతి. విశాఖపట్నంలో తెరచాప పడవలు నడపడం నేర్పే క్లబ్బు ఒకటి ఉందట. మా అమ్మి హరిచందన నాతో చెప్పకుండా దానికి దరఖాస్తు పెట్టింది. ఎంపికైంది కూడా. డిసెంబరు పన్నెండు నుంచి పది రోజులు, భీమిలి దగ్గర సముద్రం మీద. తండ్రి సంతకం కావాలి, ఆ నెల రెండో తేదీలోగా కాగితం చేరాలి. నేను పెట్టనన్నాను. ఆ రోజు నుంచి నా ఎదురుగా అన్నం తినడం మానేసింది. వంటింట్లో తింటోందిలే, కంగారుపడకు.

"నాలుగేళ్ళప్పట్నుంచి తెల్లకొంగ కథ సెప్పి పెంచింది నువ్వే కదా నాన్నా. ఇప్పుడు పడవెక్కొద్దంటే ఏటి నాయం?" అంది. చెప్పిన మాట నిజం. రంగడు చుక్కాని పట్టడం, జోగులు తాళ్ళు లాగడం, సూరమ్మ ఊగుతున్న పడవలో గంజి కాచడం, అందరిలోకి చిన్నవాడు అప్పన్న పీపా మీదకెక్కి గాలి ఎటు వీస్తోందో అరిచి చెప్పడం, ముద్ద ముద్దకీ ఒక పేజీ చొప్పున దానికి తినిపించాను. కానీ చివర కూడా దాచలేదు కదా. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తెల్లకొంగ పడవ ఒరిగినప్పుడు అప్పన్న నీళ్ళలో పోయాడని చెప్పాను. అది తెలిసిన తండ్రి ఎవడైనా సంతకం పెడతాడా?

నవ్వుకుంటున్నావేమో. యాభై ఏళ్ళ కిరాణా వ్యాపారి, అట్టా పేరూ లేని పిల్లల పుస్తకం పట్టుకుని ఏడుస్తున్నాడని. నవ్వుకో. విజయనగరం నుంచి పొట్లాల కోసం వచ్చిన చిత్తుకాగితాల కట్టలో దొరికిన పుస్తకమది, రాసిన మహానుభావుడెవరో ఈనాటికీ తెలీదు. అమ్మి తన ఫోన్లో వెతికితే శ్రీకాకుళంలో రిటైరైన మాస్టారొకాయన దొరికాడు. చిన్నప్పుడు చదివాడట, సూరమ్మ పేరు చెప్పగానే గంజి కాచిన సంగతి ఆయనే అందుకున్నాడట. చివర ఏమైందో మాత్రం గుర్తులేదన్నాడు. ఎంత అదృష్టవంతుడు.

ఆ పుస్తకం విన్నప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. కామెర్లతో మంచం మీదున్నాను. ఒడియా బడి కావడంతో తెలుగక్షరం ఒక్కటి రాదు. నువ్వు చదువుతుంటే వినడమే. ఇంట్లో నన్నూ అప్పన్నా అనే పిలిచేవారు, ఇద్దరిదీ సింహాచలం దేవుడి పేరే. వాడు పోయినప్పుడు నేనే పోయాననుకున్నాను.

అందుకని ఒకటి అడుగుతున్నాను. అమ్మి మేనత్త మాట వింటుంది. అప్పన్న ఎలా పోయాడో, ఆ రోజు నాకు చదివినట్టే, దానికి ఒక ఉత్తరంలో రాయి. నా కంటే నువ్వే బాగా చెబుతావు.

ఇట్లు, గాలి ఎటో తెలియక కూర్చున్న
అప్పన్న

*

సునాబెడ,
9-11-2024

ఒరే అప్పన్నా,

పసుపు, ఇంగువ అందాయి. మీ బావ పసుపు చూసి రంగు కలిపారేమో అన్నారు. ఆయన మాట పట్టించుకోకు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుందా, క్వార్టర్సు ఇప్పుడే ఖాళీ చేయమన్నట్టు రోజుకో అటక దులుపుతున్నారు. ఢిల్లీశ్వరరావుగారి ఇల్లెక్కడని అడిగితే, దుమ్ము లేచే ఇల్లని చెబుతున్నారట ఈ వీధిలో. పక్క క్వార్టరు నాగశ్రీ వచ్చి నవ్విపోయింది. ఇక్కడ మూడు రోజులుగా కుళాయి సన్నగా వస్తోంది. ట్యాంకు కడుగుతున్నామని నోటీసు పెట్టారు, కడిగేవాడు కనబడలేదు. చలి మొదలైంది. నీ చెవులకి మఫ్లరు కట్టుకో, చెవి మిషను ఉందని ధీమాగా తిరగకు.

చందన సంగతి. ఆడపిల్ల నీ గల్లాపెట్టె దగ్గర కూర్చోకుండా నాలుగు విషయాలు నేర్చుకుంటానంటే సంతోషించు. అక్కడ నేర్పేవాళ్ళుంటారు, తేలే చొక్కాలుంటాయి. వాళ్ళేం పిచ్చివాళ్ళు కాదు, పిల్లల్ని ముంచడానికి. పుస్తకం పుస్తకమేరా. దాన్ని పట్టుకుని పిల్ల కాలికి బంధం వేస్తావా? పిల్లి మీద ఎలకా ఎలక మీద పిల్లీ అన్నట్టుంది మీ ఇద్దరి గొడవ.

నువ్వు రాయమన్న ఉత్తరం నేను రాయలేను. మణికట్టు నొప్పి. డాక్టరు ఎక్కువ రాయొద్దన్నాడు.

సంతకం పెట్టు. ఇంతకంటే చెప్పను.

మీ అందరి మేలు కోరే
సీతక్క

*

రాయగడ,
16-11-2024

అక్కా,

మణికట్టు నొప్పితో కుళాయి గురించి అంత రాశావు. అప్పన్న గురించి రాయడానికే చెయ్యి రాలేదన్నమాట. బాగుంది.

నువ్వు దాచినా తెలిసింది. తొమ్మిదో తారీఖున మీ మేనత్తా మేనకోడళ్ళిద్దరూ నలభై నిమిషాలు ఫోన్లో మాట్లాడుకున్నారు. అంటే ముందే ఇద్దరూ ఒక మాట అనుకుని, తర్వాత నాకు ఉత్తరం రాశావు. మేనకోడల్ని సమర్థించుకో, నాకేం బాధ లేదు. "పుస్తకం పుస్తకమే" అన్నావు చూడు, అది తగిలింది. ఆ మాట బావ అంటే ఊరుకునేవాణ్ణి. నువ్వు అనకూడదు.

నిన్న కార్తీక పున్నమి. తెల్లారేసరికి నాగావళి ఒడ్డున ఊరంతా ఉంది. పాతకాలం సముద్రం మీద వ్యాపారానికెళ్ళిన వాళ్ళ పేరున అందరూ అరటిదొప్ప బొయిత పడవల్లో దీపాలు పెట్టి వదిలారు. నేను ఎప్పటిలాగే రెండు వదిలాను. ఒకటి ఇంటి పేరున, ఇంకొకటి ఎవరికీ చెప్పకుండా అప్పన్న పేరున. పదేళ్ళ వయసు నుంచి ఒక్క ఏడు మానలేదు. పెళ్ళైన ఏడాది మీ మరదలు ఆ రెండోది ఎవరికని అడిగితే, చిన్నప్పుడు పోయిన తమ్ముడికని చెప్పాను. నాలుగేళ్ళ తర్వాత గానీ దానికి నిజం తెలీలేదు. అప్పుడు కూడా నవ్వలేదు. నువ్వేమో నవ్వకుండానే కొట్టావు.

ఇంకో మాట కూడా అనేస్తాను. తెలుగు నేర్చుకుని పుస్తకం నేనే చదువుకుందామని తెరిస్తే చివరి పదహారు పేజీలు లేవు. నాన్న చూసుకోకుండా పొట్లాలకి చింపేశాడని నువ్వే చెప్పావు. నేను నాన్నతో మూడు నెలలు మాట్లాడలేదు. పాపం, ఆయన ఎదురు చెప్పలేదు. టికిరి సంతకెళ్ళిన ప్రతి బుధవారం, మన దగ్గర సరుకు కొన్న వాళ్ళందరినీ ఆపి, తెలుగు అచ్చు ఉన్న కాగితం ఏదైనా మీ ఇంట్లో ఉందా అని అడిగేవాడు. ఒకసారి ఒక ముసలామె గోడకంటించిన కాగితం ఊడదీసి తెచ్చాడు. అది పంచాంగం. ఆయన ఆ పుస్తకంలో ఒక్క వాక్యం చదవలేదు, అయినా దాని విలువ తెలుసుకున్నాడు. పుస్తకమంతా చదివిన నువ్వు పుస్తకం పుస్తకమే అంటున్నావు.

సంతకం పెట్టను. ఇంతకంటే నేనూ చెప్పను.

వరాహనరసింహం

*

సునాబెడ,
21-11-2024

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి బియ్యం డబ్బా మీద పెట్టి దాని చుట్టూ తిరుగుతున్నాను. ఇవాళ కూర్చున్నాను. మణికట్టు నొప్పి అబద్ధం. చందనతో ఫోన్లో మాట్లాడింది నిజం, కానీ అది ఏడుస్తుంటే ఊరుకోబెట్టాను, అంతే. మేం ఏ మాటా అనుకోలేదు.

అప్పన్న మునిగిపోలేదు.

పుస్తకంలో వాడు ఇంటికొచ్చాడు. నలుగురూ వచ్చారు. వాణ్ణి ముంచింది నేను.

నీకు కామెర్లు వచ్చినప్పుడు నాకు పధ్నాలుగు, తొమ్మిదో తరగతి. అర్ధసంవత్సరం పరీక్షల్లో క్లాసుకి రెండోదాన్ని. అమ్మ కొట్టు చూసుకోవాలి, నీకు పూటపూటా నేలఉసిరి రసం పొయ్యాలి, పథ్యం వండాలి, పక్కన మనిషుండాలి. నాన్న ఒకరోజు పొద్దున్న నా పుస్తకాల సంచి తీసి అటక మీద పెట్టేశారు. "ఆడపిల్లకి ఈపాటి సదువు సాల్లే. తమ్ముడికాడ కూకో" అన్నారు. కోపంగా కూడా కాదు, ఉప్పు బస్తా జరపమన్నట్టు అన్నారు. నేను కూర్చున్నాను. నీకు తగ్గింది. నన్ను మళ్ళీ పంపలేదు.

తాతయ్య నాకు తెలుగు నేర్పి, నీకు నేర్పకముందే పోయారు కదా. అందుకని మధ్యాహ్నాలు నీకు తెల్లకొంగ చదివేదాన్ని. అది నాకూ ఇష్టమే. సూరమ్మని నేనే అనుకునేదాన్ని, నువ్వూ నన్నలాగే పిలిచేవాడివి. ఆ రోజు నాతో చదివిన ఝాన్సీలక్ష్మి బడి బట్టల్లో కొట్టు ముందు నుంచి వెళ్తూ, కొత్త లెక్కల టీచరమ్మ వచ్చిందని చెప్పి పోయింది. లోపల నుంచి నువ్వు "సూరమ్మా, సదవ్వే" అని ఒకటే కేక. నేను సామాన్ల గదిలోకి పోయి, ఉప్పు బస్తాల వెనక కూర్చుని, చివరి పేజీలు ముందుగా నేనొక్కదాన్నే చదివేశాను. అప్పన్న ఇంటికొస్తాడు. ఇల్లంతా వాడి చుట్టూ చేరుతుంది. నాకు ఒళ్ళు మండింది. ఈ ఇంట్లోనూ అప్పన్నే, ఆ ఇంట్లోనూ అప్పన్నే. సూరమ్మ ఏమైందని ఎవరికీ పట్టలేదనిపించింది. పదహారు పేజీలూ చింపి, గల్లా పక్కన పొట్లాల కాగితాల దొంతరలో కలిపేశాను. నాన్న వాటిలో చింతపండు కట్టి టికిరి సంతకి తీసుకెళ్ళారు. ఆయన తప్పేమీ లేదు. చింపినవి ఏవో ఆయనకి తెలీదు.

తర్వాత నీ దగ్గరికొచ్చి అప్పన్న పోయాడని చదివాను.

నువ్వు రెండు రోజులు గంజి ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నావు. నాకు భయమేసి ఏడ్చాను. అమ్మ అది చూసి, "సీతకి తమ్ముడంటే ఎంత పేణమో సూడండి" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ఆ పొగడ్త విన్నాక ఇంక నోరు రాలేదు. నువ్వు అక్షరాలు నేర్చుకుని పేజీలేవని అడిగినప్పుడు నాన్న మీదకి తోసేశాను. తానే చింపానని ఆయన నిజంగానే నమ్మారు. బుధవారం బుధవారం టికిరి నుంచి ఉత్త చేతులతో వచ్చి, నీకు చెప్పలేక నాకు చెప్పేవారు. నేను ఆయనకి కాళ్ళకి నీళ్ళిచ్చేదాన్ని. ఆయన పోయేదాకా చెప్పలేదురా. పన్నెండో రోజున కూడా చెప్పలేదు.

విశాఖలో పాలిటెక్నిక్ సీటొస్తే, సముద్రం ఉన్న ఊరు నాకొద్దని నువ్వు కొట్లో కూర్చున్నావు. అప్పుడు నేను పురిటికొచ్చి ఇంట్లోనే ఉన్నాను. పక్క గదిలో విన్నాను. పిల్లకి పాలిస్తూ ఊరుకున్నాను.

నా పాపానికి నువ్వు ఏటేటా దీపం పెడుతున్నావని నాకు తెలీదు. నీ ఉత్తరంలో చదివాక అన్నం దిగడం లేదు. నన్ను తిట్టు, నీ గుమ్మం తొక్కొద్దను, పడతాను. నా అబద్ధం ఆ పిల్ల చేత మోయించకు. సంతకం పెట్టు.

సీత

*

రాయగడ,
26-11-2024

అక్కా,

బాగా అల్లావు. చిన్నప్పటి నుంచి నీకా విద్య ఉంది. చదువుతూ చదువుతూ సగంలో నేనే నమ్మబోయాను.

నీ ఉద్దేశం నాకర్థమైంది. అమ్మి ఏడుస్తోంది, తమ్ముడు మొండివాడు, అప్పన్న బతికాడంటే మెత్తబడతాడు అనుకున్నావు. మేనకోడలి కోసం దోషం నెత్తినేసుకున్నావు. అంత ప్రేమకి దణ్ణం పెట్టాలి. కానీ అక్కా, పోయిన మనిషి నాన్నని ఇందులోకి లాగకుండా ఉండాల్సింది. ఆయన చేసిన పొరపాటు ఆయనదే. దానికాయన పడాల్సింది పడ్డాడు. ఇప్పుడాయన్ని అమాయకుణ్ణి చేసి నన్ను దోషిని చేస్తున్నావు. నువ్వు రాసిందే నిజమైతే, ఏ తప్పూ లేని తండ్రితో మూడు నెలలు మాట్లాడకుండా ఉన్నవాణ్ణి నేను. అది నేను మోయలేను, కాబట్టి నిజం కాకూడదు.

పైగా నేను కళ్ళారా చూశాను. ఆ రోజు పుస్తకం నీ చేతుల్లో ఉంది. పేజీలు తిప్పుతూ చదివావు. చివర్లో నీ గొంతు వణికింది. లేని పేజీలు ఎలా తిప్పావు?

సరే, న్యాయంగా మాట్లాడుకుందాం. చివరి పేజీలు నువ్వు చదివానంటున్నావు కదా. అందులో ఏముందో రాయి. మొగ దగ్గర పడవ ఒరిగినప్పుడు అప్పన్నని ఎవరు పట్టుకున్నారు? చుక్కాని ఎవరి చేతిలో ఉంది? ఇంటికొచ్చాక వాడు మొదట ఏమన్నాడు? ముందరి నూట నలభై ఎనిమిది పేజీలూ నాకు కంఠతా వచ్చు. నువ్వు రాసింది ఆ పుస్తకమో నీ కల్పనో రెండు వాక్యాల్లో చెప్పేస్తాను.

రెండో తారీఖు దాకా టైముంది. అమ్మి కాగితం నా గల్లాపెట్టె మీదే పెట్టి, దాని మీద తూకం రాయి పెట్టింది. ఎగిరిపోతుందనా, నాకు కనబడాలనా, తెలీదు.

వరాహనరసింహం

*

సునాబెడ,
29-11-2024
(బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, పోస్టైతే అందదు)

తమ్ముడూ,

నాకు గుర్తులేదు.

ఒక్కసారే చదివాను, అదీ కోపంతో. ఆ తర్వాత నీకు చెప్పిన అబద్ధమే నువ్వు పదేపదే అడిగి చెప్పించుకున్నావు. మొగ దగ్గర అల ఎంతెత్తు లేచింది, అప్పన్న టోపీ ఎలా తేలింది, అన్నీ చెప్పించుకున్నావు. చెప్పీ చెప్పీ అదే మిగిలింది. అసలుది చెరిగిపోయింది. కళ్ళు మూసుకుంటే నాక్కూడా ఇప్పుడు ఆ తేలే టోపీయే కనబడుతోంది. నా మాటకి నేనే ఖైదీనయ్యాను.

నువ్వడిగినవి రాద్దామని మూడు రోజులు కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, రాశాను కూడా. ఒకదాంట్లో రంగడు చుక్కాని వదిలేసి దూకాడు. ఒకదాంట్లో జోగులు తాడు విసిరాడు. ఇంకొకదాంట్లో సూరమ్మే పట్టుకుంది. అన్నీ బాగానే వచ్చాయి. ఆ పుస్తకంలో మాటల తీరు నీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. మూడోది పంపితే నువ్వు తప్పకుండా నమ్ముతావు. సంతకం కూడా పెడతావు. కవరులో పెట్టాను, అంటించాను. మళ్ళీ తీసి మూడూ స్టవ్వు మీద కాల్చేశాను. మీ బావ ఏమిటా వాసన అని వచ్చారు. ఒకసారి నీకు లేనిది చదివి వినిపించాను. మంచికైనా సరే, ఇంకోసారి నా వల్ల కాదు.

పేజీలు ఎలా తిప్పానన్నావు. మొదటి పేజీలు తిప్పాను. రంగడు పడవకి తారు పూసే పేజీలు. నీకు అక్షరం రాదు కదా, ఏ పేజీ అయినా ఒకటే. నా మొహం చూస్తూ విన్నావు. పుస్తకం వైపు చూడలేదు. నీకు మన అక్షరాలు రాకపోవడమే నాకు కలిసొచ్చింది. గొంతు వణికింది నిజమే. చెబుతుండగానే భయమేసింది.

ఒక్కటి మాత్రం గట్టిగా తెలుసు. నలుగురు వెళ్ళారు, నలుగురు వచ్చారు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ రాస్తే అది మళ్ళీ నా కల్పనే. రుజువు లేదు. నమ్మితే నమ్ము. నమ్మకపోతే నీ తప్పు కాదు, నమ్మకుండా చేసింది నేనే.

సీత

*

భీమిలి,
15-12-2024

అక్కా,

రెండు వారాలు జవాబు రాయలేదు. అలిగి కాదు. ఏం రాయాలో తెలీక.

సంతకం ఒకటో తారీఖునే పెట్టాను. పన్నెండున అమ్మితో కలిసి నేనూ వచ్చాను. కొట్టు మీ మరదలు చూస్తోంది. ఇక్కడ సత్రంలో దిగాను. పొద్దున్నే వచ్చి సరుగుడు తోపు నీడన కూర్చుంటున్నాను. యాభై ఏళ్ళకి సముద్రం చూశాను. దీని గురించి నేను అనుకున్నవేవీ సరిగ్గా లేవు, ఇంత చప్పుడు చేస్తుందని పుస్తకంలో లేదు. చెవి మిషను తీసేసినా వినబడుతోంది. మీ మేనకోడలు ఇప్పుడు నీళ్ళ మీదే ఉంది. దూరంగా ఆరు తెరచాపలున్నాయి, అందులో అమ్మి ఏదో పోల్చుకోలేక ఆరింటినీ చూస్తున్నాను. భయమేస్తోంది. అయినా లేచి వెనక్కి పిలవడం లేదు.

నిన్ను ఎందుకు నమ్మానో చెబుతాను. అబద్ధమాడదలిస్తే నువ్వు నాకు చక్కటి ముగింపు రాసి పంపేదానివి, నేను దానికోసమే ఆశగా కూర్చున్నాను. గుర్తులేదన్నావు. అక్కడే నమ్మాను. అప్పన్న ఇంటికొచ్చాడు. ఎలా వచ్చాడో నాకు అక్కర్లేదు.

కోపం ఉంది. దాచను. నాకు చేసినదానికి కాదు, అది ఈ రెండు వారాల్లో అరిగిపోయింది. నాన్న విషయంలో ఉంది. ఆయన టికిరి సంతలో అందరినీ బతిమాలుకుంటుంటే నువ్వూ నేనూ చూస్తూ ఉన్నాం. నువ్వు తెలిసి, నేను తెలీక. దాని గురించి నిన్ను క్షమించడం ఇప్పుడే నా వల్ల కాదు. తొందరపెట్టకు. నన్ను నేను కూడా క్షమించుకోలేకపోతున్నాను.

ఇప్పుడు రాయబోయేది రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది. నీ ఇరవయ్యొకటో తారీఖు ఉత్తరం ఇక్కడికి తెచ్చుకున్నాను. మొదటిసారి చదివినప్పుడు "అప్పన్న మునిగిపోలేదు" దగ్గర ఆగిపోయాను. రెండోసారి పేజీలు చింపిన దగ్గర. మూడోసారి నాన్న దగ్గర. మొన్న ఈ ఇసుకలో కూర్చుని నాలుగోసారి చదివితే మధ్యలో ఒక చిన్న మాట కంటబడింది. "నన్ను మళ్ళీ పంపలేదు." మూడుసార్లూ ఆ మాట మీద నుంచి నడిచి అప్పన్న దగ్గరికి పరిగెత్తాను.

పుస్తకంలో పిల్లాడి కోసం నలభై ఏళ్ళు ఏడ్చానక్కా. వాడు హాయిగా ఇంట్లోనే ఉన్నాడు. మన ఇంట్లో పధ్నాలుగేళ్ళ పిల్లని బడి మానిపించి నా మంచం పక్కన కూర్చోబెట్టారు. ఎక్కడ నుంచి లేపి తెచ్చారని నేను ఒక్కసారి అడగలేదు. తొమ్మిదేళ్ళప్పుడు అడగలేదంటే పసివాణ్ణి. ఇరవైకి ఏమైంది? నలభైకి ఏమైంది? నా కూతురు ఫస్టు క్లాసులో పాసైందని నీకు మిఠాయి పొట్లం పంపినప్పుడైనా గుర్తు రావద్దా? నువ్వు నాకొక అబద్ధం చెప్పావు. నేను నీ నిజాన్ని అసలు చూడలేదు. ఏది పెద్ద తప్పో తేల్చుకోలేకపోతున్నాను.

తొమ్మిదో తరగతిలో నీ పక్కన ఎవరు కూర్చునేవారు? మొదటి స్థానం ఎవరిది, నీకూ దానికీ ఎన్ని మార్కులు తేడా? ఆ కొత్త లెక్కల టీచరమ్మని ఎప్పుడైనా చూశావా? ఆ సంచి అటక మీద నుంచి ఎవరు తీశారు, ఏం చేశారు? చదువుకుని ఏమవుదామనుకున్నావు? యాభై ఏళ్ళ తమ్ముణ్ణి, వీటిలో ఒక్కదానికీ నాకు జవాబు తెలీదు. ఈసారి నీ ఉత్తరంలో అప్పన్నలెవరూ వద్దు. అంతా నువ్వే ఉండేలా రాయి, ఎంత పొడుగైనా సరే. నాకిప్పుడు చదవడం వచ్చు.

నీ తమ్ముడు